డచ్ ఉద్యోగ ప్రకటనల్లో అర్హతలు, నైపుణ్యాలు: ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

డచ్ ఉద్యోగ ప్రకటనను ట్రాన్స్‌లేషన్ యాప్‌లో వేస్తే ఈ రోజుల్లో వ్యాకరణం తప్పుల్లేని ఇంగ్లిషే వస్తుంది. ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది. వాక్యం శుభ్రంగా కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్‌లోనో ఆమ్‌స్టెల్‌వేన్‌లోనో ఉండి ఉద్యోగం వెతుక్కునే మనవాళ్లు అది చదివి, తమకు సరిపోయే ఉద్యోగాన్ని వదిలేస్తారు, సరిపోనిదానికి అప్లై చేస్తారు. డచ్ క్లయింట్ కోసం హైదరాబాద్ నుంచి మనుషుల్ని వెతికే రిక్రూటర్‌కూ అదే తిప్పలు.

ప్రకటన మొత్తంలో ఎక్కువగా తేడా కొట్టేది 'ఫుంక్సీ-ఐసెన్' అనే భాగం, అంటే అభ్యర్థిలో ఏం ఉండాలో చెప్పేది. కొన్ని కంపెనీలు దీన్నే 'వై వ్రాఖెన్' అంటాయి, మేము అడిగేది అని. ఈ భాగాన్ని అనువదించే ముందు ప్రతి లైన్ దగ్గరా ఒక ప్రశ్న వేసుకోవాలి: దీన్ని కంపెనీ ఎలా సరిచూస్తుంది? సర్టిఫికెట్ చూస్తుందా, పాత ఉద్యోగాల గురించి అడుగుతుందా, ఇంటర్వ్యూలో మనిషి తీరు గమనిస్తుందా, లేక డ్యూటీ చార్ట్ వేసేటప్పుడు తేల్చుకుంటుందా? జవాబు దొరికితే ఇంగ్లిష్ మాట దానంతటదే దొరుకుతుంది. కింద ఉన్నవన్నీ తరచూ ఎదురయ్యే లక్షణాలు. మీ దగ్గరున్న ప్రకటనలో కనిపించినదానికి నేరుగా వెళ్లండి.

లక్షణం: 'హెచ్‌బీఓ వర్కింగ్ అండ్ థింకింగ్ లెవల్' అని వచ్చింది, చదివినవాళ్లకు ఏమీ అర్థం కాలేదు

డచ్ ప్రకటనల నుంచి వచ్చిన ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. హెచ్‌బీఓ అంటే టీవీ చానెల్ కాదు. డచ్‌వాళ్లు 'హా-బే-ఓ' అని పలికే వృత్తిపరమైన ఉన్నత విద్య అది. అక్కడ పదో తరగతి స్థాయి దాటాక చదువు స్థూలంగా మూడు దారులుగా ఉంటుంది. ఎంబీఓ అంటే వృత్తి విద్య. మన ఐటీఐ, పాలిటెక్నిక్ తరహాలో చేతికి పని నేర్పే చదువు. అందులో 1 నుంచి 4 వరకు స్థాయిలున్నాయి. హెచ్‌బీఓ మామూలుగా నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీ. డబ్ల్యూఓ అంటే పరిశోధన విశ్వవిద్యాలయాల చదువు, అక్కడ బ్యాచిలర్ మూడేళ్లు. యూరప్ అర్హతల పట్టికలో ఎంబీఓ 4 నాలుగో స్థాయి. హెచ్‌బీఓ బ్యాచిలర్, డబ్ల్యూఓ బ్యాచిలర్ రెండూ ఆరో స్థాయి. మాస్టర్స్ ఏడు.

ఇక 'వెర్క్ ఎన్ డెంక్‌నివో' సంగతి. మాటకు మాట పెడితే పని చేసే, ఆలోచించే స్థాయి. డిగ్రీ పట్టా తప్పనిసరి కాదు, కానీ డిగ్రీ చదివిన మనిషి ఎంత క్లిష్టమైన పనిని ఒంటిచేత్తో నడిపించగలడో అంత చేయగలవాళ్లు కావాలన్నది దీని భావం. మన నోటిఫికేషన్లలో 'డిగ్రీ లేదా తత్సమాన అర్హత' అని చూస్తుంటాం. ఇది దానికి దగ్గరే గానీ అదే కాదు. మన తత్సమానం ఇంకో సర్టిఫికెట్‌ను అడుగుతుంది, డచ్‌వాళ్లు ఇక్కడ అనుభవాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు.

పరిష్కారం: 'బ్యాచిలర్స్ డిగ్రీ ఆర్ ఈక్వివలెంట్ ఎక్స్‌పీరియన్స్' అని రాసి, హెచ్‌బీఓ అనే పేరును పక్కన అలాగే ఉంచండి. హెచ్‌ఆర్ వాళ్లు వెతికేది ఆ పేరుతోనే. 'థింకింగ్ లెవల్' అనే మాట మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. ఇంగ్లిష్ చదివేవాళ్లకు అది అభ్యర్థి తెలివితేటల మీద విసిరిన రాయిలా ఉంటుంది.

అయితే మూలంలో 'ఆఫ్‌ఖెరోండె హెచ్‌బీఓ' అని ఉంటే కథ వేరు. అక్కడ పూర్తిచేసిన చదువు కావాలి, పట్టా చూపించాలి. 'కంప్లీటెడ్' అనే మాట ఇంగ్లిష్‌లో కచ్చితంగా రావాలి. ఈ రెండు లైన్లనూ ఒకేలా అనువదించేవాళ్లు చాలామంది. పదేళ్ల అనుభవం ఉండి డిగ్రీ లేని మనిషికి తలుపు తెరిచి ఉందా, మూసి ఉందా అనేది ఈ ఒక్క మాట మీద ఆధారపడుతుంది.

దీని పక్కనే ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. హెచ్‌బీఓ చెప్పే కాలేజీని డచ్‌లో 'హోఖెస్‌ఖోల్' అంటారు. విడదీసి చూస్తే హై, స్కూల్. కాబట్టి 'హై స్కూల్ డిప్లొమా' అని రాసేస్తారు, డిగ్రీ చదివినవాడు ఒక్క దెబ్బకు పదో తరగతి దగ్గర తేలతాడు. ఆ కాలేజీలు ఇంగ్లిష్‌లో తమను తాము 'యూనివర్సిటీ ఆఫ్ అప్లైడ్ సైన్సెస్' అని చెప్పుకుంటాయి, అదే వాడండి.

పేరు ముందు వచ్చే పొట్టి అక్షరాలూ ఇలాగే మోసం చేస్తాయి. 'డిఆర్‌ఎస్' అని ఉంటే డాక్టర్లు అని కాదు, డాక్టరేట్ అని అంతకంటే కాదు. 2002లో బ్యాచిలర్, మాస్టర్స్ పద్ధతి రాకముందు ఇచ్చిన 'డాక్టరాండస్' పట్టా అది, మాస్టర్స్‌కు సమానం. 'ఐఆర్' విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఇంజనీరు, 'ఐఎన్‌జీ' హెచ్‌బీఓ ఇంజనీరు. రెండిటినీ 'ఇంజనీర్' అని వదిలేస్తే స్థాయి తేడా పోతుంది.

లక్షణం: ఉంటే మంచిదన్నది ఉండి తీరాలన్నట్టు మారింది, లేదా తిరగబడింది

డచ్ ప్రకటన తన పట్టుదలను చిన్న చిన్న మాటల్లో చెబుతుంది. అనువాదంలో ముందు రాలిపోయేవీ అవే. 'వెరైస్టె' అంటే తప్పనిసరి, 'రిక్వైర్డ్'. 'బై వోర్‌కోర్' అంటే వీలైతే, 'ప్రిఫరబ్లీ'. 'ఈస్ ఏన్ ప్రే' అంటే ఉంటే అదనపు బలం, 'ఈజ్ యాన్ అడ్వాంటేజ్'. 'ప్రే' అనేది ఇంగ్లిష్‌లో లేని మాట, అయినా అదే స్పెల్లింగ్‌తో ఇంగ్లిష్ ప్రకటనల్లో దిగిపోయి కనిపిస్తుంది. 'స్ట్రెక్ట్ టాట్ ఆన్‌బెవేలింగ్' కాస్త ఆఫీసు భాష, దాని అర్థం కూడా ఉంటే మంచిదనే. యాప్ దాన్ని 'ఈజ్ రికమెండెడ్' అంటుంది, చదివినవాళ్లకు ఎవరో సలహా ఇస్తున్నట్టు ఉంటుంది.

వీటన్నిటికంటే విలువైనది 'బెరైట్ డిట్ తె బెహాలెన్' అనే తోక. ఒక సర్టిఫికెట్ పేరు చెప్పి చివర ఇది తగిలిస్తారు. ఇప్పుడు లేకపోయినా ఫరవాలేదు, చేరాక సంపాదించడానికి సిద్ధంగా ఉంటే చాలు అని దాని భావం. 'ఆర్ విల్లింగ్ టు ఆబ్టెయిన్ ఇట్' అనే ఐదు మాటలు ఎగిరిపోతే అప్లై చేసేవాళ్లు సగానికి సగం వెనక్కి తగ్గినా ఆశ్చర్యం లేదు.

'ఏనిఖె ఎర్వారింగ్' దగ్గర ఆగి చూడండి. 'ఏనిఖె' అంటే కొంత, 'ఏకైక' అని కూడా. ఇక్కడ కొంత అనుభవం అనే తీసుకోవాలి, 'సమ్ ఎక్స్‌పీరియన్స్'. 'రౌమె ఎర్వారింగ్' అంటే బోలెడంత, 'ఎక్స్‌టెన్సివ్'. గది విశాలంగా ఉందనడానికి వాడే మాటే కాబట్టి యాప్ ఎప్పుడైనా 'స్పేషియస్ ఎక్స్‌పీరియన్స్' అంటే నవ్వుకుని దిద్దండి. 'ఆన్‌టోన్‌బారె' అంటే ఆధారం చూపించగలిగినది. 'డెమాన్‌స్ట్రబుల్' తప్పు కాదు, 'ప్రూవెన్' ఇంకా సహజంగా ఉంటుంది.

లక్షణం: 'యూ డిస్పోజ్ ఆఫ్ ఎక్సలెంట్ స్కిల్స్'

కారణం 'యె బెస్‌ఖిక్ట్ ఓవర్'. నీ దగ్గర ఉన్నాయి అని చెప్పే దర్జా మాట. ఇంగ్లిష్‌లో 'డిస్పోజ్ ఆఫ్' అంటే పారేయడం. పరిష్కారం ఒక్క మాటే: 'హావ్'. దర్జా పోయిందని బాధపడొద్దు, ఇంగ్లిష్ ప్రకటనలు మామూలు మాటనే ఇష్టపడతాయి.

లక్షణం: ప్రతి గుణమూ 'ఎబిలిటీ', 'కెపాసిటీ', 'పవర్' అయిపోయింది

డచ్ భాష 'వెర్మోఖెన్' అనే ముక్కను దేనికైనా అతికించగలదు. అది శక్తి, సామర్థ్యం, ఆస్తిపాస్తులు అన్నిటికీ చెల్లుతుంది. అందుకే విడగొట్టి అనువదిస్తే వింతలు పుడతాయి. మొత్తం మాటకు ఒకే ఇంగ్లిష్ మాట వెతకాలి. 'ఇన్‌లేవింగ్స్‌వెర్మోఖెన్' అంటే ఎదుటివాళ్ల స్థానంలో నిలబడి ఆలోచించడం, 'ఎంపథీ'. 'డోర్‌జెట్టింగ్స్‌వెర్మోఖెన్' అంటే మొదలుపెట్టినదాన్ని వదలకపోవడం, 'పెర్సివరెన్స్'. ఇంటర్వ్యూ భాషలో అయితే 'యూ సీ థింగ్స్ త్రూ'. 'ఆన్‌పాసింగ్స్‌వెర్మోఖెన్' అంటే 'అడాప్టబిలిటీ'. 'ప్రోబ్లేమ్-ఓప్లోసెంట్ వెర్మోఖెన్' అంటే 'ప్రాబ్లమ్-సాల్వింగ్ స్కిల్స్'.

'కపాసిటైటెన్' కూడా ఇదే కుటుంబం. 'లైడింగ్‌ఖేవెండె కపాసిటైటెన్' అంటే నాయకత్వ లక్షణాలు, 'లీడర్‌షిప్ స్కిల్స్'. 'కపాసిటైటెన్‌టెస్ట్' అని కనిపిస్తే అది 'యాప్టిట్యూడ్ టెస్ట్'. మన క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో అంకెలు, తర్కం, భాషా ప్రశ్నలతో రాయించే పరీక్ష లాంటిదే. 'కెపాసిటీ టెస్ట్' అని రాస్తే సర్వర్ ఎంత లోడ్ మోస్తుందో చూసే పరీక్ష అనుకుంటారు, అందులోనూ చదివేవాళ్లు ఐటీవాళ్లయితే ఇక చెప్పక్కర్లేదు.

లక్షణం: ఐటీ తెలియాలని అనుకుని మానేశారు. అక్కడున్నది 'అఫినిటైట్ మెట్ ఐటీ'

'అఫినిటైట్' అంటే ఆ రంగం మీద ఇష్టం, దాని వాసన పట్టే గుణం, పరిచయం చేసుకోవాలన్న ఆసక్తి. అనుభవం అడగడం లేదు. ఇంగ్లిష్‌లో 'అఫినిటీ విత్ ఐటీ' అని రాస్తే మాట ఉంది గానీ ప్రాణం లేదు. 'యాన్ ఇంట్రెస్ట్ ఇన్' లేదా 'ఎ ఫీల్ ఫర్' సరిపోతుంది. వృద్ధుల సంరక్షణలోనో పిల్లల పనిలోనో 'అఫినిటైట్ మెట్ డె డూల్‌ఖ్రూప్' అని రాస్తారు. అక్కడ 'యూ ఎంజాయ్ వర్కింగ్ విత్' అంటే బాగుంటుంది. 'డూల్‌ఖ్రూప్' అనే మాటను మార్కెటింగ్‌వాళ్ల 'టార్గెట్ గ్రూప్'గా మార్చకుండా ఆ మనుషులెవరో పేరు చెప్పి రాయండి. వృద్ధులను టార్గెట్ అనడం ఏ భాషలోనూ బాగుండదు.

లక్షణం: 'ఆథరైజ్డ్', 'కాంపిటెంట్', 'క్వాలిఫైడ్' కలగాపులగం అయ్యాయి

దీని దగ్గర తొందరపడొద్దు, ఎందుకంటే ఇది గుణాల గొడవ కాదు, చట్టం సంగతి. డచ్‌లో 'బెవూఖ్ట్' వేరు, 'బెక్వామ్' వేరు. మొదటిది చేయడానికి చట్టం ఇచ్చిన హక్కు. రెండోది చేయడానికి చేతిలో ఉన్న నేర్పు. ఆరోగ్యరంగంలో ఈ జంట పక్కపక్కనే వస్తుంది. డాక్టర్లు, నర్సులు, దంతవైద్యులు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టుల లాంటివాళ్ల వృత్తులను నడిపించే చట్టాన్ని పొట్టిగా 'వెట్ బిఖ్' అంటారు. ఆ చట్టం కింద ఉన్న రిజిస్టర్‌లో పేరు ఉండాలి, ఐదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. ప్రకటనలో 'బిఖ్-రెఖిస్ట్రాట్సీ' అని కనిపిస్తే యాప్ దాన్ని 'బిగ్ రిజిస్ట్రేషన్' చేస్తుంది, పెద్ద నమోదు ఏదో ఉందనుకుంటారు. బి, ఐ, జి మూడూ పెద్ద అక్షరాల్లో ఉంచి, డచ్ హెల్త్‌కేర్ ప్రొఫెషనల్స్ రిజిస్టర్ అని వివరం ఇవ్వండి.

బడిపంతుళ్ల ప్రకటనల్లో 'బెవూఖ్ట్‌హైట్' మరోలా వస్తుంది. 'ఏర్‌స్టెఖ్రాట్స్', 'ట్వేడెఖ్రాట్స్' అని రెండు రకాలు. విడదీస్తే ఫస్ట్ డిగ్రీ, సెకండ్ డిగ్రీ. ఇంగ్లిష్ పాఠకుడికి మొదటిది మామూలు బ్యాచిలర్ డిగ్రీలా, ఇంకా ఘోరంగా హత్యకేసులో సెక్షన్‌లా వినిపిస్తుంది. అసలు అర్థం ఏ తరగతులకు చెప్పొచ్చనేది. మొదటి రకం ఉంటే ఉన్నత పాఠశాల పై తరగతులతో సహా అన్నిటికీ చెప్పొచ్చు. రెండో రకంతో హావో, వీడబ్ల్యూఓ అనే, ఉన్నత విద్యకు తీసుకెళ్లే హైస్కూలు దారుల్లో కింది తరగతులకు, వృత్తి విద్యకు సిద్ధం చేసే హైస్కూలు దారి వీఎంబీఓకూ, ఎంబీఓకూ చెప్పొచ్చు. అందుకే 'గ్రేడ్ వన్ టీచింగ్ క్వాలిఫికేషన్' అని రాసి, ఏ తరగతులో ఒక ముక్కలో చెప్పాలి. ఆ ముక్క లేకపోతే అనువాదం ఉన్నా లేనట్టే.

'వేఓఖే' అని మూడక్షరాలు కనిపిస్తే అది న్యాయశాఖకు చెందిన 'యుస్టిస్' అనే సంస్థ ఇచ్చే ప్రవర్తన పత్రం. 'సర్టిఫికెట్ ఆఫ్ కండక్ట్' అన్నది దానికి అధికారికంగా వాడే ఇంగ్లిష్ పేరు. మనం కాలేజీ వదిలేటప్పుడు ప్రిన్సిపాల్ సంతకంతో తెచ్చుకునే కండక్ట్ సర్టిఫికెట్ ఇది కాదని తెలుగువాళ్లకు మాత్రం వేరేగా చెప్పాల్సి వస్తుంది.

లక్షణం: మంచి గుణాల జాబితాలా ఉంది, చేరాక చూస్తే రాత్రి డ్యూటీలు

'ఫ్లెక్సీబెల్', 'స్ట్రెస్‌బెస్టెండిఖ్', 'ఖేన్ 9 టాట్ 5 మెంటాలిటైట్' (తొమ్మిదికి వచ్చి ఐదుకు వెళ్లిపోయే ధోరణి వద్దని). మూడూ మనిషి స్వభావం గురించి మాట్లాడుతున్నట్టే ఉంటాయి. ఆఫీసు ఉద్యోగంలో 'ఫ్లెక్సీబెల్' అంటే మార్పుకు సర్దుకునే మనిషి కావచ్చు. గోదాము, హోటల్, ఆసుపత్రి ప్రకటనలో అయితే సాధారణంగా అది వేళాపాళా లేని గంటలు. డచ్ పాఠకుడు ఆ రంగాన్ని చూసి అర్థం చేసుకుంటాడు. బయటివాడికి ఆ సూచన అందదు.

పరిష్కారం: ప్రకటనలో గంటల గురించి ఇంకెక్కడైనా ఉందేమో వెతకండి. 'ప్లూఖెన్‌డీన్‌స్ట్' అంటే షిఫ్టులు. అది కనిపిస్తే 'ఫ్లెక్సీబెల్'ను 'ఎబుల్ టు వర్క్ వేరీయింగ్ షిఫ్ట్స్' అనొచ్చు. ఏమీ లేకపోతే క్లయింట్‌ను అడగడమే మేలు. ఇక 'స్ట్రెస్‌బెస్టెండిఖ్'ను 'స్ట్రెస్-రెసిస్టెంట్' అని రాస్తే మనిషి వాటర్‌ప్రూఫ్ వాచీలా ఉంటాడు. 'యూ స్టే కామ్ అండర్ ప్రెషర్' అనండి. అలాగే '32-40 యూర్' అని ఉంటే అది ఫ్లెక్సిబుల్ అవర్స్ కాదు. వారానికి 32 నుంచి 40 గంటల మధ్య ఎంత పని చేయాలో మాట్లాడుకుని ఒప్పందంలో రాసుకోవచ్చని అర్థం. వారానికి నాలుగు రోజులే పనిచేసేవాళ్లు నెదర్లాండ్స్‌లో చాలామంది, వాళ్లు ముందు చూసుకునే లైన్ ఇదే.

లక్షణం: ప్రకటనలోకి సాలీడు, జెర్రి, గొర్రె వచ్చాయి

'స్పిన్ ఇన్ హెట్ వెబ్' అంటే గూడు మధ్య సాలీడు. అన్ని విభాగాలూ తన ద్వారానే మాట్లాడుకునే మనిషి అని మెచ్చుకోలుగా వాడతారు. ఇంగ్లిష్‌లో గూటి మధ్య సాలీడు కుట్రలు పన్నేవాడు. 'ది సెంట్రల్ పాయింట్ ఆఫ్ కాంటాక్ట్' చాలు. 'డౌజెంట్‌పోట్' అంటే వెయ్యికాళ్ల జెర్రి, ఏ పనైనా చేయగల మనిషి, 'ఆల్-రౌండర్'. 'స్ఖాప్ మెట్ వైఫ్ పోటెన్' అంటే ఐదు కాళ్ల గొర్రె. అంటే ఎక్కడా దొరకనన్ని గుణాలున్న అభ్యర్థి. కంపెనీ సరదాగా మేము ఐదు కాళ్ల గొర్రెను వెతకడం లేదని రాస్తే 'వీ ఆర్ నాట్ ఎక్స్‌పెక్టింగ్ మిరకిల్స్' అంటే సరిపోతుంది.

నాకు ఇష్టమైనది మాత్రం 'నీట్ ఓప్ యె మోంట్యె ఖెవాలెన్'. మాటకు మాట చూస్తే నోటి మీద పడనివాడు. మనం ఎవరినైనా నోట్లో నాలుక లేదంటామే, దానికి సరిగ్గా వ్యతిరేకం. కాబట్టి మనకు వెంటనే అర్థమవుతుంది. ఇంగ్లిష్‌లో 'కాన్ఫిడెంట్ అండ్ ఆర్టిక్యులేట్'. 'స్టేవిఖ్ ఇన్ యె స్ఖూనెన్' అంటే బూట్లలో గట్టిగా నిలబడేవాడు, ఒత్తిడి వచ్చినా మాట మీద నిలిచేవాడు. 'యూ హోల్డ్ యువర్ గ్రౌండ్' బాగా కుదురుతుంది.

ఇలా మాటకు మాట దించేసిన ఇంగ్లిష్‌కు డచ్‌వాళ్లే ఒక పేరు పెట్టుకున్నారు: 'స్టేన్‌కోలెన్-ఎంగెల్స్', అంటే బొగ్గు ఇంగ్లిష్. బొగ్గు ఓడల మీద వచ్చిన ఇంగ్లిష్ నావికులతో రేవు కూలీలు మాట్లాడిన భాష నుంచి ఆ పేరు వచ్చిందంటారు.

ఒకే ముఖం, వేరే మనిషి: గబగబా చూసుకోవాల్సినవి

'రెప్రెజెంటాటీఫ్' అంటే చూడ్డానికి శుభ్రంగా, పద్ధతిగా ఉండే మనిషి, 'వెల్-ప్రెజెంటెడ్'. ప్రతినిధి కాదు. 'స్టాజె' అంటే ఇంటర్న్‌షిప్, రంగస్థలం కాదు. 'ఎవెన్‌ట్యూఏల్' అంటే బహుశా, అవసరమైతే. 'ఎవెంచువల్లీ' కాదు. 'సోలిసిటేరెన్' అంటే అప్లై చేయడం. 'సాలిసిట్' అని మాత్రం రాయకండి, దానికి ఇంగ్లిష్‌లో వేరే వాసనలున్నాయి. 'మేడెవెర్కర్'కు సహోద్యోగి అని గాక ఆ పోస్టుకు తగ్గ పేరు పెట్టాలి: పరిపాలన విభాగంలో 'అసిస్టెంట్', విధానాల విభాగంలో 'పాలసీ ఆఫీసర్'. 'స్టార్టర్' అంటే అప్పుడే చదువు ముగించినవాళ్లు, 'ఎంట్రీ-లెవల్'.

'మీడియర్' సంగతి ఇంకా విచిత్రం. జూనియర్, మీడియర్, సీనియర్ అని వరసగా రాస్తారు. చూడ్డానికి ఇంగ్లిష్‌లాగే ఉంటుంది కాబట్టి ఎవరూ ముట్టుకోరు. లండన్‌లోనో బెంగళూరులోనో చదివేవాళ్లకు ఆ మధ్యది అర్థం కాదు. 'మిడ్-లెవల్' అనండి.

ప్రభుత్వ ప్రకటనల్లో 'ఓమ్‌ఖేవింగ్స్‌బెవుస్ట్‌జైన్' అని వస్తుంది. 'ఎన్విరాన్‌మెంటల్ అవేర్‌నెస్' అని తిప్పితే చెట్లు నాటే ఉద్యోగం అనిపిస్తుంది. తన శాఖ చుట్టూ సమాజంలో, రాజకీయాల్లో ఏం జరుగుతోందో కనిపెట్టుకుని ఉండడం దాని అర్థం. 'అవేర్‌నెస్ ఆఫ్ ది వైడర్ కాంటెక్స్ట్' దగ్గరగా వస్తుంది.

భాష గురించిన లైన్, 'ఖూడె బెహేర్‌సింగ్ వాన్ హెట్ నేడర్‌లాంట్స్ ఇన్ వోర్ట్ ఎన్ ఖెస్‌ఖ్రిఫ్ట్', అనువదించడం తేలికే: 'గుడ్ స్పోకెన్ అండ్ రిటెన్ డచ్'. 'డచ్ ఇన్ వర్డ్ అండ్ రైటింగ్' వద్దు. తేలిక కానిది స్థాయి. మూలంలో 'ఎన్‌టీ2' (డచ్‌ను రెండో భాషగా నేర్చుకున్నవాళ్లు రాసేది) పరీక్ష పేరు ఉంటే, యూరప్ భాషా స్థాయిల పట్టికలో దాని ప్రోగ్రామ్ 1 బీ1 స్థాయికి, ప్రోగ్రామ్ 2 బీ2 స్థాయికి సరిపోతాయి. ఆ యూరప్ అక్షరాలు పక్కన పెడితే ఏ దేశంవాళ్లకైనా తెలుస్తుంది. మూలంలో స్థాయి లేకుండా మీరే బీ2 అని చేర్చడం మాత్రం అనువాదం కాదు, కొత్త షరతు పెట్టడం.

ప్రకటన బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నుంచో ఖెంట్ నుంచో వచ్చిందేమో కూడా చూడండి. అక్కడి డచ్ మాట్లాడే ప్రాంతమైన ఫ్లాండర్స్ డచ్‌లో 'బెడీండె' అంటే ఆఫీసు ఉద్యోగి, నెదర్లాండ్స్‌లో అదే మాట సేవకుడిని గుర్తుచేస్తుంది. 'పోలీవాలెంట్' అంటే రకరకాల పనులు చేయగలవాడు, 'వెర్సటైల్'.

మొత్తం కలిపి ఒక నమూనా

వెన్లో దగ్గర రవాణా కంపెనీకి ప్లానర్ కావాలనుకుందాం. డచ్‌లో ఇలా ఉంటుంది: 'యె బెస్‌ఖిక్ట్ ఓవర్ ఎంబీఓ-4 వెర్క్ ఎన్ డెంక్‌నివో, హెబ్ట్ ఏనిఖె ఎర్వారింగ్ ఇన్ ప్లానింగ్ ఎన్ అఫినిటైట్ మెట్ ట్రాన్స్‌పోర్ట్. యె బెంట్ స్ట్రెస్‌బెస్టెండిఖ్, ఫ్లెక్సీబెల్ ఎన్ నీట్ ఓప్ యె మోంట్యె ఖెవాలెన్. కెన్నిస్ వాన్ డౌట్స్ ఈస్ ఏన్ ప్రే.'

ఇలా మార్చొచ్చు: 'యూ హావ్ ఎ వొకేషనల్ డిప్లొమా ఎట్ ఎంబీఓ లెవల్ 4 ఆర్ ఈక్వివలెంట్ ఎక్స్‌పీరియన్స్, సమ్ బ్యాక్‌గ్రౌండ్ ఇన్ ప్లానింగ్ అండ్ యాన్ ఇంట్రెస్ట్ ఇన్ ట్రాన్స్‌పోర్ట్. యూ స్టే కామ్ అండర్ ప్రెషర్, ఆర్ ఫ్లెక్సిబుల్, అండ్ స్పీక్ అప్ విత్ కాన్ఫిడెన్స్. నాలెడ్జ్ ఆఫ్ జర్మన్ ఈజ్ యాన్ అడ్వాంటేజ్.' వెన్లో జర్మనీ సరిహద్దును ఆనుకుని ఉంది కాబట్టి ఆ చివరి లైన్‌ను కత్తిరించొద్దు. జర్మన్ వచ్చినవాళ్లకు అక్కడ నిజంగానే విలువ ఉంటుంది.

ఇందులో తేలనిది ఒక్కటే, ఆ 'ఫ్లెక్సిబుల్'. మూలంలో షిఫ్టుల మాట లేదు, కాబట్టి దాన్ని ప్రస్తుతానికి అలాగే ఉంచి, పక్కన కామెంట్ పెట్టి క్లయింట్‌కు పంపండి: ఇది పని గంటల గురించా, పని తీరు గురించా? గంటల గురించే అని జవాబు వస్తే ఏ రోజులు, ఏ వేళలు అన్నది కూడా అప్పుడే అడిగి ప్రకటనలో రాయించండి.